పదకొండు అడుగుల గుంతకు ముప్పై ఏళ్ల అనుభవం చాలదా?

ప్రశ్న: మాది కదిరి దగ్గర ఒక పల్లె. పద్దెనిమిదేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాము. హొరమావులో 30 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు ఉన్న సైటులో ఇల్లు కట్టుకోబోతున్నాము. కార్ల కోసం కింద బేస్‌మెంటు వస్తుంది కనుక 11 అడుగుల లోతు తవ్వాలి. తూర్పు పక్క ఇల్లు పాతికేళ్ల కిందట సైజురాళ్ల పునాది మీద కట్టినది. దాని గోడ మా హద్దుకు ఆనుకునే ఉంది. తవ్వకానికి ఇద్దరు ధర చెప్పారు. మొదటివారు మా నాన్నగారికి చిరకాలంగా తెలిసిన మేస్త్రీ. మట్టిపనిలో ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవారు. ఊళ్లో మా ఇంటి పునాది కూడా ఆయనే తీశారు. జేసీబీ పెట్టి నాలుగు రోజుల్లో ముగిస్తానని, 2,25,000 రూపాయలు చాలునని అంటున్నారు. “ఈ ఎర్రమట్టి గోడలాగా నిలబడుతుంది, నా చేతి కింద ఇన్నేళ్లలో ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదు” అన్నది ఆయన మాట. రెండవవారు ఆరేళ్ల అనుభవం ఉన్న యువ ఇంజనీరు. మట్టి పరీక్ష చేయించాలని, పక్కింటి వైపు ముక్కలు ముక్కలుగా తవ్వాలని, గుంత గోడలు కూలకుండా చెక్కలతోనో ఇనుముతోనో ఆనించే షోరింగ్ పెట్టాలని, మూడు వారాలు పడుతుందని చెప్పి 4,90,000 రూపాయలు అడిగారు. నాన్నగారు మేస్త్రీకి మాట ఇచ్చేశారు. వచ్చే నెల దసరా రోజుల్లో భూమిపూజకు ముహూర్తం ఉంది. ఈ 2,65,000 రూపాయల తేడా నిజంగా అవసరమైన ఖర్చా, లేక అనుభవం లేనివారి భయానికి మేము కట్టే సుంకమా?
హొరమావు, బెంగళూరు నుంచి ఒక పాఠకుడు

సమాధానం: ముందుగా నా అభిప్రాయం చెప్పి, ఆ తరువాత కారణాలు వివరిస్తాను. మేస్త్రీగారు చెప్పిన పద్ధతిలో ఆ గుంత తవ్వించకండి. వచ్చే నెలలో అసలే తవ్వించకండి. అలాగని మేస్త్రీగారిని వదులుకోకండి. మీ నాన్నగారు ఇచ్చిన మాట నిలబడే దారి ఉంది.

ఎర్రమట్టి గోడలాగా నిలబడుతుందని ఆయన అన్నది అబద్ధం కాదు. బెంగళూరు మట్టి నిట్టనిలువుగా కోసినా కొన్నాళ్లు కదలకుండా నిలబడుతుంది, గడ్డపార గీతలు కూడా చెదరవు. ఆ నిలకడే నన్ను భయపెడుతుంది. చిన్నప్పుడు ఇసుకలో పాదం పెట్టి పిచ్చుకగూళ్లు కట్టినవారందరికీ తెలిసిన విషయమే ఇది. పొడి ఇసుకతో గూడు నిలవదు, నీళ్లు ఎక్కువైనా నిలవదు. రేణువుల మధ్య కొద్దిపాటి తేమ ఉన్నంతసేపే అవి ఒకదానినొకటి పట్టుకొని ఉంటాయి. ఎర్రమట్టిలో బంకమట్టి కూడా కొంత ఉంటుంది కనుక ఆ పట్టు ఇంకా గట్టిగా కనిపిస్తుంది. కానీ గుంత గోడ ఎండకు ఆరినా, ఒక్క రాత్రి వానకు నానినా, పక్కింటి పైపు నుంచి నీరు ఊరినా ఆ పట్టు సడలిపోతుంది. చెన్నైలో బీసెంట్ నగర్ వైపు సముద్రపు ఇసుకలో ఎవరూ నిట్టనిలువుగా తవ్వే సాహసం చేయరు, ఎందుకంటే అక్కడి ఇసుక పార పెట్టిన క్షణంలోనే జారి బుద్ధి చెబుతుంది. మన ఎర్రమట్టి రెండు మూడు రోజులు నమ్మకం కలిగించి, మనుషులు గుంతలోకి దిగి పని మొదలుపెట్టాక జారుతుంది. అదీ పొడిపొడిగా రాలదు, పైన పలకలాగా విడిపోయి ఒక్కసారిగా పడుతుంది.

ఆ పలక బరువు ఎంత ఉంటుందో చాలామందికి అంచనా ఉండదు. ఒక ఘనమీటరు మట్టి సుమారు 1,600 నుంచి 1,900 కిలోల వరకు తూగుతుంది. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల ఎత్తు, అర మీటరు మందం ఉన్న పలక విరిగిపడిందంటే మూడు టన్నులకు పైగా బరువు మనిషి మీద పడినట్లే. తల బయటే ఉంది కదా అని ధైర్యం చెప్పుకోవడానికి వీలులేదు. ఛాతీ వరకు కూరుకుపోయిన మనిషి ఊపిరి వదిలినప్పుడల్లా ఛాతీ కుంచించుకున్న చోటులోకి మట్టి సర్దుకుంటుంది, మళ్లీ ఊపిరి తీసుకోవడానికి చోటు మిగలదు. కొన్ని నిమిషాలలో ప్రాణం పోతుంది. ఇలాంటి చోట హెల్మెట్టు ఉన్నా లేకపోయినా పెద్ద తేడా ఉండదు.

ఉద్యోగంలో చేరిన మూడో సంవత్సరంలో నేను స్వయంగా చూసినది ఒకటి చెబుతాను. మురుగునీటి పైపుల కోసం ఏడడుగుల లోతు కాలువ తవ్విస్తున్నాము. అక్కడి మేస్త్రీ నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడు, పనిలో నాకు గురువులాంటివాడు. మధ్యాహ్నం టీ తాగాక, పైపు కింద మట్టం సరిగా ఉందో లేదో చూడడానికి తానే కాలువలోకి దిగాడు. నేను గట్టు మీద నిలబడి కాగితం చూసుకుంటున్నాను. చప్పుడు కూడా పెద్దగా కాలేదు. తల ఎత్తి చూసేసరికి ఆయన నడుము పైదాకా మట్టిలో ఉన్నాడు. మిషను పెడితే మిగిలిన గట్టు కూడా పడుతుందని పక్క కాలువలోని చెక్కలు తెచ్చి గోడకు ఆనించి, చేతులతో, తట్టలతో తీయడానికి గంటన్నర పట్టింది. కాలు విరిగింది, రెండు పక్కటెముకలు విరిగాయి, ప్రాణం దక్కింది. ఆసుపత్రిలో ఆయన నాతో అన్న మాట నలభై ఏళ్లయినా నాకు గుర్తుంది. గట్టు మీద అంచుకు సమాంతరంగా వెంట్రుకంత పగులు పొద్దున్నే చూశాడట. సాయంత్రానికి పైపు వేసి పూడ్చేస్తాం కదా అనుకున్నాడట.

ఆ పగులును నేను చూడలేదు. చూసి ఉన్నా దాని అర్థం నాకు తెలిసేది కాదు. ఆయన అనుభవం తన పని తాను చేసింది, ప్రమాదం వస్తోందని ముందే చెప్పింది. ఆ మాట వినడానికి ఆనాడు పని తొందర అడ్డు వచ్చింది. అంచుకు సమాంతరంగా పగుళ్లు, గోడ మధ్యలో ఉబ్బు, ఉన్నట్టుండి రాలే గులకరాళ్లు, ఎండిన గోడలో ఒకచోట చెమ్మ, వీటిని చదవడం అనుభవం వల్లే వస్తుంది. కానీ ఎక్కడ పడవచ్చునో చెప్పగల అనుభవం కూడా ఎప్పుడు పడుతుందో చెప్పలేదు. ఆ ‘ఎప్పుడు’ తెలియదు కాబట్టే చెక్కలు, జాకీలు, షోరింగ్.

“ఇన్నేళ్లలో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు” అన్న మాటను నేను తేలికగా తీసిపారేయను. అందులో జాగ్రత్త కొంత ఉండవచ్చు, అదృష్టం కూడా కొంత ఉండవచ్చు. ఏది ఎంతో ఆయనకు సైతం తెలియదన్నదే చిక్కు. రైతు తప్పు చేస్తే అదే పంటకాలంలో పంట చెబుతుంది. వంటవాడు తప్పు చేస్తే ఆ పూటే తెలుస్తుంది. మట్టిపనిలో అలా కాదు. ఆధారం లేకుండా తవ్విన గుంత పడకపోతే, ఆధారం అక్కర్లేదన్న పాఠమే మనసులో నాటుకుంటుంది. మరో గుంత పడకపోతే ఆ పాఠం ఇంకొంచెం గట్టిపడుతుంది. ఇలా వంద గుంతలు తప్పుడు పాఠమే చెప్పాక నూటొకటవది నిజం చెబుతుంది. అందుకని మేస్త్రీగారిని ఎన్నేళ్లుగా పని చేస్తున్నారని అడగకండి. ఎక్కడెక్కడ పని ఆపారో అడగండి. “ఫలానా చోట ఊట కనిపించి మనుషులను పైకి రమ్మన్నాను, ఫలానా ఓనరు తిట్టినా దిగనివ్వలేదు” అని రెండు మూడు సంఘటనలైనా ఆయన చెప్పగలిగితే మీకు మంచి మేస్త్రీ దొరికినట్లే. ఒక్కటీ చెప్పలేకపోతే, ఆయన ముప్పై ఏళ్లను కొంచెం తగ్గించి లెక్కపెట్టుకోవలసి వస్తుంది.

ఇక ఇంజనీరు అడిగిన ధర భయం వల్ల పెరిగిందా అన్న సందేహం. దీనిని లెక్కతోనే తేల్చుకోవచ్చు. తవ్వకపు పనులలో భద్రతకు మన దేశంలో ఐఎస్ 3764 అనే ప్రమాణం ఉంది. మట్టిలో 1.5 మీటర్లకు మించి లోతుగా తవ్వే కాలువల గోడలకు ఆధారం ఇవ్వాలని అది చెబుతుంది. 1.5 మీటర్లంటే అయిదడుగులకు తక్కువ. మీ గుంత 11 అడుగులు, అంటే సుమారు 3.35 మీటర్లు, ఆ హద్దుకు రెట్టింపు కంటే ఎక్కువ. ఆధారం పెట్టకూడదనుకుంటే గోడలను ఏటవాలుగా కోయాలి. ఎంత లోతో అంత వెనక్కి జరిగి కోస్తే పదకొండు అడుగుల లోతుకు ఒక్కో పక్కన పదకొండు అడుగులు పోతాయి. రెండు పక్కలా కలిపి 22 అడుగులు. మీ సైటు వెడల్పు 30 అడుగులు. అడుగున మిగిలే ఎనిమిది అడుగుల్లో కారు ఎక్కడ పెడతారు? పల్లెలో మీ ఇంటికి పునాది తీసినప్పుడు చుట్టూ దొడ్డి ఉండి ఉంటుంది, నాలుగడుగుల కాలువ తీసి ఉంటారు. ఇక్కడ చోటు లేదు, లోతు ఎక్కువ. కాబట్టి ఆధారం ఇవ్వడం తప్ప మరో మార్గం లేదు. ఆ ఇంజనీరు ధరలో ఎక్కువ భాగం ఈ లెక్క నుంచి పుట్టినదే. అయినా ఆయన కొటేషనును గుడ్డిగా ఒప్పుకోవలసిన పని లేదు. షోరింగ్ డ్రాయింగు ఎవరు గీస్తారో, ఇనుప సామాను ఎన్ని రోజుల అద్దెకు లెక్కగట్టారో, మూడు వారాలు నాలుగయితే ఆ అద్దె ఎవరు భరిస్తారో విడివిడిగా రాసి ఇమ్మని అడగండి. బేరం ఆడవలసింది అక్కడ.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది తూర్పు గోడ. పక్కింటి సైజురాళ్ల పునాది మహా అయితే నాలుగడుగుల లోతు ఉంటుందనుకుందాం. మీరు దానికంటే ఏడడుగులు కిందికి వెళుతున్నారు. ఒక పునాది అడుగు నుంచి పక్కకు ఏటవాలుగా, అర్ధ లంబకోణంలో ఒక గీత గీస్తే, ఆ గీతకు దిగువన ఉన్న మట్టిని తీయడమంటే ఆ పునాది కాళ్ల కింద మట్టిని తీయడమేనని పనివాళ్ల మోటు లెక్క. ఆ లెక్క ప్రకారం మీరు పక్కింటి గోడకు కనీసం ఏడడుగులు ఎడంగా ఉంటే తప్ప 11 అడుగులు తవ్వకూడదు. మీరు వదిలే ఖాళీ అందులో సగం కూడా ఉండకపోవచ్చు. అందుకే ఆ వైపు నాలుగైదు అడుగుల ముక్క ఒకటి తవ్వి, దాని పక్క ముక్కను తాకకుండా వదిలి, తవ్విన చోట కాంక్రీటు గోడ లేపి, అది గట్టిపడ్డాక వదిలిన ముక్కను తీస్తారు. దంతవైద్యుడు అన్ని పళ్లూ ఒకేసారి పీకడు కదా. మేస్త్రీగారు నాలుగు రోజులంటున్నది జేసీబీ తవ్వగల వేగాన్ని చూసి. ఇంజనీరు మూడు వారాలంటున్నది కాంక్రీటు గట్టిపడే వేగాన్ని చూసి. ఈ పనిలో వేగాన్ని నిర్ణయించేది కాంక్రీటే.

ఇంకొక మాట. బెంగళూరులో ప్రతి ఇంటికీ నేలలో నీటి సంపు ఉంటుంది, అది తరచుగా కాంపౌండు గోడ పక్కనే ఉంటుంది. పక్కింటివారి సంపు ఎక్కడ ఉందో ఇవాళే వెళ్లి అడగండి. ఆరు వేల లీటర్ల సంపు నిండా ఉంటే ఆరు టన్నుల నీటి బరువు మీ గుంత అంచున కూర్చున్నట్లు లెక్క. అది కారుతూ ఉంటే చుట్టూ మట్టి అప్పటికే మెత్తబడి ఉంటుంది. ఆ వైపు పని జరిగినన్ని రోజులు సంపులో నీరు తగ్గించుకోమని, ఆ రోజులలో వారి నీటికి మీ ఖర్చుతో వేరే ఏర్పాటు చేస్తామని మర్యాదగా అడగండి. వారి సోక్‌పిట్ (వాడిన నీరు ఇంకే గుంత) సంగతి కూడా అప్పుడే కనుక్కోండి. ఎటూ మాట కలిపారు కనుక వారి గోడల్లో ఇప్పటికే ఉన్న పగుళ్లను వారి ఎదుటే తేదీతో ఫోటోలు తీయించి, ఇద్దరూ సంతకాలు చేసుకోండి. ఇది వారిని అనుమానించడం కాదు, రేపు కొత్త పగులు ఏదో పాత పగులు ఏదో ఇద్దరికీ తెలియడానికి. మన సివిల్ చట్టాలలో ఈ విషయం చాలా పాతది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం పక్క స్థలపు మట్టి తన స్థలానికి సహజంగా ఇచ్చే ఊతం మీద ప్రతి యజమానికీ హక్కు ఉంది. ఇరవై ఏళ్లపాటు నిరాటంకంగా ఆ ఊతం మీద నిలిచిన కట్టడానికి కూడా అలాంటి హక్కు ఏర్పడుతుంది. పక్కింటి వయసు పాతికేళ్లని మీరే రాశారు.

మట్టి పరీక్ష దండగ అని మీ నాన్నగారు అనుకోవచ్చు. బెంగళూరులో అది దండగ కాదు, ఎందుకంటే ఈ ఊరు ఒకప్పటి చెరువుల మధ్య పెరిగిన ఊరు. మెజెస్టిక్ బస్టాండు ఉన్న చోట ధర్మాంబుధి చెరువు ఉండేది, కంఠీరవ స్టేడియం ఉన్న చోట సంపంగి చెరువు ఉండేది. బొమ్మసంద్ర, లక్కసంద్ర వంటి పేర్ల చివర ఉన్న సంద్రం చెరువే. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రంలో ఉన్న సముద్రం లాంటిదే. చెరువు మాత్రమే కాదు, దానికి నీరు తెచ్చే కాలువలు కూడా పూడి సైట్లయ్యాయి. మీ సైటులో పడమర మూలన గట్టి ఎర్రమట్టి, తూర్పు మూలన పూడిక నల్లమట్టి ఉంటే, ఒకే జేసీబీ, ఒకే మేస్త్రీ, ఒకే పద్ధతి రెండు చోట్లా పనికిరావు.

ఇక్కడే మేస్త్రీగారి విలువ తెలుస్తుంది. మట్టి పరీక్షకు రెండు మూడు చోట్ల బోరు వేస్తారు. ఆ రంధ్రాల మధ్య ఏముందో నివేదికకు తెలియదు. తవ్వుతుండగా గోడ మొత్తం చూసేది మేస్త్రీ. పారకు తగిలిన మట్టి చప్పుడు మారినా, రంగులో బూడిద ఛాయ వచ్చినా, ఇటుక ముక్కో పాత గుడ్డపేలికో కనిపించినా, ఇది కన్నె నేల కాదు, పోసిన నేల అని ఆయన చెప్పగలరు. పాలమూరు నుంచి, కర్నూలు పడమటి పల్లెల నుంచి వచ్చే మట్టిపని గుంపులలో ఇలాంటి చూపు ఉన్నవారిని నేను ఎందరినో చూశాను, వారి దగ్గర నేర్చుకున్నాను. ఆరేళ్ల ఇంజనీరుకు ఆ చూపు ఇంకా వచ్చి ఉండదు. అది ఒప్పుకోకపోతే ఆయన మంచి ఇంజనీరు కాడు.

పుస్తకమా, అనుభవమా అని మనం ఇప్పుడు తగాదా పడుతున్నాము గాని, కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం, 1369 నాటిది, ఈ విషయంలో స్పష్టంగా ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను చెబుతూ, నీటి శాస్త్రం తెలిసిన పండితుడిని ఒక అంగంగా, ఆ పనిలో నేర్పరులైన మనుషుల గుంపును మరొక అంగంగా లెక్కపెట్టింది. ఒకరుంటే రెండోవారు అక్కర్లేదని అనలేదు. మన కాలంలోనే, 2023 నవంబరులో ఉత్తరాఖండ్‌లోని సిల్‌క్యారా సొరంగంలో 41 మంది చిక్కుకున్నప్పుడు, తొలిచే యంత్రం విరిగిపోయాక చివరి కొన్ని మీటర్లను చేతులతో తవ్వింది ఎలుకబొరియల్లాంటి ఇరుకు గనులలో పనిచేసిన అనుభవజ్ఞులే. పత్రికలు వారి అనుభవాన్ని మెచ్చుకున్నాయి, అది న్యాయమే. కానీ వారు సుమారు 800 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు గొట్టం లోపల కూర్చొని తవ్వారన్న సంగతి చాలామంది గమనించలేదు. అంతటి పనితనం ఉన్నవారికి కూడా నెత్తి మీద ఉక్కు ఉంది.

కాబట్టి మీరు చేయదగిన ఏర్పాటు ఇది. తవ్వే పనిని, మనుషులను మేస్త్రీగారికి అప్పగించండి. ఎక్కడ ఎంత తవ్వాలి, ఏ ఆధారం పెట్టాలి అన్నది ఇంజనీరు సంతకం చేసిన డ్రాయింగు ప్రకారం జరగాలని ఇద్దరితోనూ ఒప్పందం రాసుకోండి. పని ఆపే అధికారం ఇద్దరిలో ఎవరికైనా ఉండాలి, తిరిగి మొదలుపెట్టే అధికారం మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటేనే ఉండాలి. ఆపిన రోజుకు కూడా కూలి మీరే ఇస్తారని ముందే చెప్పండి. ఇది నేను ఊరికే రాయడం లేదు. ముక్కకు ఇంత అని గుత్తకు ఇచ్చిన పనిలో వాన పడినా, పగులు కనిపించినా, నష్టం తనదే గనుక ఏ మేస్త్రీ అయినా ఇంకో గంట లాగుదామనే చూస్తాడు. అనుభవానికి నోరు మూసేది తరచుగా ఆ గుత్త లెక్కే. కూలి భయం లేకపోతే ఆయన ముప్పై ఏళ్లూ మీకోసం పనిచేస్తాయి.

రోజూ పని మొదలుపెట్టే ముందు, వాన పడిన ప్రతిసారి తరువాత, మేస్త్రీగారు గుంత చుట్టూ గట్టు మీద నడిచి చూశాకే మనుషులు దిగాలి. కేంద్ర ప్రజాపనుల శాఖ కాంట్రాక్టు పత్రాలలో ఉండే భద్రతా నియమాలు ఇలాంటి చోట చాలా సూటిగా ఉంటాయి. 1.2 మీటర్లు దాటిన ప్రతి కాలువలో 30 మీటర్లకు ఒకటి చొప్పున నిచ్చెన ఉండాలి, అది గట్టు కంటే 90 సెంటీమీటర్లు పైకి రావాలి. తీసిన మట్టిని అంచు నుంచి 1.5 మీటర్ల లోపల గాని, లోతులో సగం దూరం లోపల గాని, ఏది ఎక్కువైతే అంతలోపల పోయకూడదు. కింద తొలిచి పైమట్టి దానంతటదే పడేలా చేయడం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. ఈ చివరిది మన జేసీబీ డ్రైవర్లకు బాగా అలవాటైన పని, పై మట్టి ఉచితంగా పడుతుందని. మీ సైటులో తీసిన మట్టిని పోయడానికి చోటే ఉండదు కనుక టిప్పర్లు అప్పటికప్పుడు వస్తూ పోతూ ఉండాలి; ఏడెనిమిది టన్నుల జేసీబీ గాని, నిండిన టిప్పరు గాని ఆధారం లేని అంచు దగ్గరికి రాకూడదు. బకెట్టు తిరిగేటప్పుడు కింద మనుషులు ఉండకూడదు.

పనివాళ్లు రాత్రి ఎక్కడ పడుకుంటారో కూడా మీరే కనుక్కోవాలి. కాంపౌండు గోడకు ఆనించి నాలుగు రేకులు వేసి, పిల్లలతో సహా అక్కడే ఉంటారు. అదే గోడకు రెండో వైపు గుంత ఉంటుంది, లేదా అదే గోడ వెనక పక్కవాళ్ల మట్టి ఉంటుంది. 2019 జూన్‌లో పుణేలోని కొండ్వాలో వానకు తడిసిన గోడ కూలి పనివాళ్ల రేకుల ఇళ్ల మీద పడినప్పుడు, పిల్లలతో సహా 15 మంది నిద్రలోనే చనిపోయారు. ఆ రేకులు గుంతకూ, ఎత్తయిన గోడకూ దూరంగా వేయించడానికి మీకయ్యే ఖర్చు ఎంత? ఆ గుంపులో 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసువారు, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణపనిలో ఉన్నవారు కర్ణాటక నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చునని కూడా చెప్పండి, చాలామంది చేసుకోరు.

ముహూర్తం విషయంలో నాకు అభ్యంతరం లేదు. భూమిపూజకు ఈశాన్యంలో మూరెడు గుంత చాలు. ఆ రోజు పూజ చేసుకోండి, నాలుగు పారల మట్టి తీయండి, అక్కడితో ఆపండి. బెంగళూరులో వానలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే ఎక్కువ. పదకొండు అడుగుల గుంతను ఆ నెలల్లో తెరవడం కావాలని చెరువు తవ్వుకోవడమే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను సమయంలో చెన్నై వేళచ్చేరిలో కట్టడం కోసం తవ్విన సుమారు యాభై అడుగుల లోతు గుంత అంచు కూలి, నీటిలో చిక్కుకున్న ఇద్దరు మరణించారు. వారి దేహాలను వెలికితీయడానికి రోజులు పట్టింది. సంక్రాంతి దాటాక మొదలుపెడితే మీకు రెండు నెలలు పొడి వాతావరణం దొరుకుతుంది. ఈలోగా మట్టి పరీక్ష, డ్రాయింగు, గోడకు కావలసిన కమ్మీ, సెంట్రింగు సామాను అన్నీ సిద్ధం చేసుకోండి. తవ్వేసి, డబ్బు సర్దుబాటు కాక గుంతను నెలల తరబడి తెరిచి ఉంచడమే ఈ ఊరిలో నేను చూసిన పెద్ద పొరపాటు.

చట్టం గురించి రెండు మాటలే. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను ప్రకారం నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే అయిదేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. “ఏం జరిగినా కాంట్రాక్టరుదే పూచీ” అని కాగితం రాయించుకున్నంత మాత్రాన ఆధారం వద్దని డబ్బు మిగుల్చుకున్న యజమానిని ఎవరూ వదిలిపెట్టరు. పనివాళ్లకు నష్టపరిహారపు బీమా, పక్కింటి నష్టం కూడా వచ్చేలా కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ తీసుకోండి. పాలసీలో పక్క కట్టడాలకు ఊతం పోవడం వల్ల కలిగే నష్టం చేరిందో లేదో ప్రత్యేకంగా అడిగి రాయించుకోండి, మామూలుగా అది విడిగా చేర్చుకోవలసినదిగా ఉంటుంది. ఒకవేళ ఏదైనా జరిగితే ఎవరూ గుంతలోకి దూకకూడదని, జేసీబీతో మట్టి తీయకూడదని, వెంటనే 112కు ఫోను చేయాలని మొదటి రోజే అందరికీ వారి భాషలో చెప్పి ఉంచండి.

ఇక మీ నాన్నగారి మాట. మేస్త్రీగారికి పని ఇస్తానని ఆయన అన్నారు, ఇవ్వండి. ధర పెంచి ఇవ్వండి, ఎందుకంటే పని పెరిగింది. “మీ మీద నమ్మకం లేక షోరింగ్ పెట్టిస్తున్నాం” అని అనకండి. “పక్కింటి గోడ మీద నాకు నమ్మకం లేదు మేస్త్రీ, మీరే దగ్గరుండి చూసుకోవాలి” అనండి, అదే నిజం కూడా. ఒక ఉదయం ఇద్దరినీ సైటుకు పిలవండి. ఇంజనీరు నోరు తెరవకముందే మేస్త్రీగారిని ఒక్క ప్రశ్న అడగండి: “ఇక్కడ మట్టి పడవలసి వస్తే ముందుగా ఎక్కడ పడుతుంది?” ఆయన నాలుగు వైపులా తిరిగి, మట్టి చేతిలోకి తీసుకొని నలిపి, ఏదో ఒక మూల చూపిస్తారు. మట్టి పరీక్షకు మొదటి బోరు అక్కడ వేయించండి.